చెప్పి కొట్టాల్సిన షాట్

"ఫౌల్!" అంది మెకానిక్, ఏమాత్రం జాలి లేకుండా.

"అదేంటి? పుష్ అవుట్ కదా!"

"పుష్ అవుట్ అని చెప్పావా?"

"చూస్తే తెలియట్లేదా?"

"తెలియదు. కొట్టేముందు నోరు తెరిచి చెప్పాలి. లేకపోతే ఫౌలే. తెల్ల బంతి ఇటివ్వు, నాకు నచ్చిన చోట పెట్టుకుంటాను."

టాబ్లెట్ బంతి ఇచ్చేశాడు. మందుల షాపులో పనిచేసే అతనికి ఆ పేరు పెట్టింది ఆమే. లిఫ్టులు బాగుచేసే ఆమెను అతను మెకానిక్ అంటాడు. టైర్ల షాపు పైన, బల్ల గుంటల్లోకి కర్రతో బంతులు కొట్టే ఈ పూల్ హాలు ఆమె బాబాయిది.

బయట వాన దంచికొడుతోంది. అతని మనసు ఆట మీద లేదు. వేరే ఊళ్ళో పెద్ద పోస్టు ఇస్తాం, వస్తావా రావా అని కంపెనీ వాళ్ళు ఆమెను అడిగారట. ఆరింటిలోపు ఫోన్ చేసి చెప్పాలట. ఈ సంగతి ఆమె వచ్చీ రాగానే, గొడుగు దులుపుతూ, ఏదో వార్త చదివినట్టు చెప్పేసింది. అప్పట్నుంచీ అతనికి ముళ్ళ మీద ఉన్నట్టుంది.

వెళ్ళొద్దు అంటే, ఆమె కష్టపడి తెచ్చుకున్న అవకాశానికి అడ్డుపడినవాడవుతాడు. హాయిగా వెళ్ళు అంటే, అంతకంటే పెద్ద అబద్ధం లేదు. ఏమీ అనకపోతే గడియారం ఎలాగూ ఆగదు.

"అసలు ఆ రూల్ ఎందుకు పెట్టారు?" అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నేను బ్రేక్ చేసి బంతులన్నీ చెదరగొట్టాక ఒకటో నంబరు బంతి దేని వెనకో దాక్కుందనుకో. ముందు దాన్నే కొట్టాలి, నీకేమో దారి లేదు. అప్పుడు ఒక్కసారికి, పుష్ అవుట్ అని చెప్పి తెల్ల బంతిని నీకిష్టమైన చోటికి నెట్టుకోవచ్చు. దేనికీ తగలక్కర్లేదు. ఆ తర్వాత నేను ఆడాలా, తిరిగి నిన్నే ఆడమనాలా అన్నది మాత్రం నా ఇష్టం."

"అంటే మరీ సులువు చేస్తే నువ్వు ఆడేస్తావు. మరీ కష్టం చేస్తే నా నెత్తినే పెడతావు."

"బుర్ర ఉంది నీకు. వాడవంతే."

కౌంటర్ దగ్గర బాబాయి కిసుక్కున నవ్వాడు.

ఆ ఆట ఆమే గెలిచి, మళ్ళీ బ్రేక్ చేసింది. ఒక్క బంతీ పడలేదు. ఒకటో నంబరు వెళ్ళి ఎనిమిది వెనక నక్కింది. టాబ్లెట్ కర్రకి చాక్ రుద్దిందే రుద్దుతున్నాడు.

"అరిగిపోతుంది మహానుభావా, ఆడు," అంది. గడియారం వైపు వెళ్ళిన ఆమె చూపు అతని మీదికొచ్చి, అక్కడే కాసేపు ఆగింది.

"పుష్ అవుట్!" అన్నాడు, హాలంతా వినబడేలా. బంతిని ముట్టుకోలేదు. కర్రని బల్లకి ఆనించాడు.

"నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం. వెళ్ళొద్దని అడగడం లేదు. కానీ ఈ మాట నీకు తెలియకుండా నువ్వు ఫోన్ చేయకూడదనిపించింది. ఇక నీ ఇష్టం."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తెల్ల బంతిని చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టింది.

"చాలా కష్టమైన చోట పెట్టావు," అంది చివరికి.

"అయితే... నాకే తిరిగిచ్చేస్తావా?"

"ఇచ్చేస్తున్నాను. నేను వెళ్తున్నాను, టాబ్లెట్. ఆ పోస్టు నాకు కావాలి. నువ్వూ కావాలి. ఇప్పుడు నువ్వే ఆడు."

అలవాటైన షాపు, అద్దె గది, వారం వారం ఇంటికెళ్తే అమ్మ పెట్టే చీవాట్లు, అన్నీ ఒక్కసారి అతని కళ్ళముందు తిరిగాయి. నిజంగానే భయమేసింది.

"ఆ ఊళ్ళో జనానికి జ్వరాలొస్తాయా?" అన్నాడు.

"రాకేం?"

"అయితే మందుల షాపులుంటాయి. నేనూ వస్తాను."

ఆమె నవ్వబోయి, ఏడవబోయి, ఏదీ కుదరక అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కౌంటర్ దగ్గర్నుంచి బాబాయి కంగారుగా అరిచాడు.

"దాన్ని ముందు ఫోన్ చేసుకోనివ్వు అల్లుడూ, ఆరైపోతోంది!"