గీత లోపలి కుట్టు

మడికొండలో ఐటీ పార్కుకు పోయే దారిలో ఒక ఫంక్షన్ హాలు ఉండేది. పక్కనే పెద్దది ఇంకొకటి కట్టాక అందులో పెళ్లిళ్లు ఆగిపోయాయి. సినిమా వాళ్లు దాన్ని అద్దెకు తీసుకుని కాస్ట్యూమ్స్ పని అక్కడ పెట్టుకున్నారు. పెళ్లికూతురిని ముస్తాబు చేసే గది నాకు ఇచ్చారు. గోడకు నిలువెత్తు అద్దం, మూలకు బట్టలు మార్చుకోవడానికి పరదా, మధ్యలో నా కటింగ్ టేబుల్. కిటికీ తెరిస్తే గాలి బాగా వచ్చేది. పని చేసుకోవడానికి మంచి చోటే.

నన్ను అందరూ టైలర్ అనుకుంటారు. నేను కటింగ్ మాత్రమే చేస్తాను. డిజైనర్ కాగితం మీద బొమ్మ వేస్తుంది. ఆ బొమ్మ ఒక మనిషి ఒంటి మీదికి ఎట్లా వస్తుందో లెక్క చూసుకుని, బట్ట మీద చాక్‌తో గీసి కోయడం నా పని. కుట్టేది ఇంకొకరు. మొదట్లో నాటకాల వాళ్లకు చేశాను. కృష్ణుడి అంగీలు, రాజుల కోట్లు, ద్రౌపది జాకెట్లు. తర్వాత షూటింగుల పని దొరికింది. అప్పుడంతా కుట్టు మా చెల్లె స్నేహలతదే. నేను గీసిన గీత మీదే దాని సూది నడిచేది.

పోయిన వానాకాలం స్నేహ జ్వరంతో పోయింది. దవాఖానలో నర్సు దాని బట్టలు కవర్‌లో పెట్టి నా చేతికిచ్చింది. జాకెట్టుకు చంక దగ్గర కుట్టు వదిలి ఉంది. నేను అదే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. దినాలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు, మళ్లీ కత్తెర పట్టాను. అన్నం తింటే ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. వేలు తెగితే బట్ట మీద రక్తం చూసి గానీ తెలిసేది కాదు. "ఒక్కసారి ఏడువరాదే" అనేవాడు మా ఆయన. ఏడుద్దామంటే లోపల ఏమీ తగిలేది కాదు.

అట్లాంటి రోజుల్లోనే ఈ సినిమా పని వచ్చింది. డిజైనర్ తేజస్వి హైదరాబాద్ అమ్మాయి, చిన్నదైనా పని తెలిసినది. పాలంపేట దగ్గర నీళ్లలో పడే సీను తీయాలి. హీరోయిన్‌కు ఎర్రపట్టు జాకెట్టు, మెడ దాకా మూసి, పొడుగు చేతులు, వీపు మీద హుక్కులు. నీళ్లలో తడుస్తుంది కాబట్టి ఒకే రకానివి చాలా కావాలి. నీళ్లలో పడేది హీరోయిన్ కాదు, డూపు. నర్సంపేట పిల్ల, కావ్య. నాటకాల్లో వేషాలు వేసి ఇటు వచ్చింది. పొద్దున బస్సు దిగి మా మట్టెవాడ ఇంటి దాకా వచ్చేది, ఇద్దరం ఒకే ఆటోలో మడికొండకు పోయేవాళ్లం. దారంతా ఏదో ఒకటి మాట్లాడేది. నేను ఊ కొట్టేదాన్ని.

కుట్టడానికి హరీష్ అనే అతన్ని పెట్టారు, ఒకట్రెండు షూటింగుల్లో స్నేహ కుట్టడం చూసినవాడే. పక్క గదిలో అతని మోటారు మిషను ఉండేది.

ఒక మధ్యాహ్నం హరీష్ తిండికి పోయాడు. కరెంటు కూడా లేదు. నేను చేతుల ముక్కలు కోస్తున్నాను. పక్క గదిలోంచి మిషను చప్పుడు వచ్చింది. మోటారు చప్పుడు కాదు. కాలు మిషను చప్పుడు. టకటకటకమని చాలా దూరం పోయి ఆగింది. మళ్లీ రెండు చిన్న దెబ్బలు. టక్... టక్.

కత్తెర కింద పెట్టాను. స్నేహ అట్లాగే కుట్టేది. చాలా దూరం పోయి, ఆగి, రెండు దెబ్బలు.

లేచి వెళ్లి చూశాను. గదిలో ఎవరూ లేరు. హరీష్ మిషను మీద కవరు కప్పే ఉంది. టేబుల్ మీద నేను పొద్దున కోసి పెట్టిన జాకెట్టు ముక్కలు... అవిప్పుడు ముక్కలుగా లేవు. భుజాలు కలిశాయి. చేతులు ఎక్కాయి. చేత్తో తడిమితే కుట్టు ఇంకా వెచ్చగా ఉంది. గదిలో మిషను నూనె వాసన, దానితో పాటు ఇంకేదో వాసన. వాన నీళ్లు నిలిచి మురిగిన గోనెసంచి వాసన. స్నేహ దగ్గర కొబ్బరినూనె వాసన వచ్చేది. ఆ తేడా నాకు తెలిసింది. తెలిసి ఊరుకున్నాను.

హరీష్ వచ్చి చూశాడు. "ఎప్పుడు కుట్టినవక్కా?"

"ఇందాక."

అబద్ధం ఎందుకు చెప్పానో తెలియదు. నాకు భయం వేయలేదు. చాలా రోజుల తర్వాత ఒంట్లో ఎక్కడో చిన్న చలనం, మొద్దుబారిన కాలికి తిమ్మిరి వదులుతున్నట్టు. ఆ తర్వాతి రోజు హరీష్ తిండికి పోయే ముందు, కోసిన ముక్కలు నేనే తీసుకెళ్లి ఆ టేబుల్ మీద పరిచాను. తలుపు దగ్గరికి వేసి వచ్చి నా కుర్చీలో కూర్చుని విన్నాను. కళ్లు మూసుకుంటే మా పాత ఇంట్లో ఉన్నట్టే ఉండేది. రోజూ అదే పని పెట్టుకున్నాను.

ఒకరోజు హరీష్ అట్లా కుట్టి ఉన్న జాకెట్టు ఒకటి తిరగేసి వెలుతురులో పట్టుకున్నాడు.

"శోభక్కా, ఏమనుకోకు. కుట్టు నీ గీత మీద లేదు. లోపలికి పడ్డది. ఇది మొన్నటి దానికంటే ఇంకా లోపలికి."

చూశాను. నిజమే. నా చాక్ గీత పక్కకు ఉండిపోయింది. కుట్టు దానికి లోపలగా, గీత ఎంత తిన్నగా ఉందో అంత తిన్నగా నడిచింది. ఒక్కో జాకెట్టుకు ఇంకాస్త లోపలికి.

"మా చెల్లె కుట్టేది గుర్తుందా నీకు? పోయి, ఆగి, రెండు దెబ్బలు వేసేది."

హరీష్ నా మొహం వంక చూశాడు. "చివర ముడి పడాలంటే అందరం గట్లనే వేస్తం కదక్కా," అన్నాడు మెల్లగా.

ఆ మాట నాకు నచ్చలేదు. నా గదికి వచ్చేశాను.

ట్రయల్ రోజు పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నానికే గది చీకటి పడ్డట్టు అయింది. తేజస్వి షూటింగ్ చోటు నుంచి బయలుదేరానని ఫోన్ చేసింది. హరీష్ చాయ్ తాగొస్తానని వెళ్లాడు. కరెంటు పోయింది. కావ్య పరదా వెనక్కి పోయి చివరగా కుట్టిన జాకెట్టు తొడుక్కుని వచ్చింది. వీపు హుక్కులు నేనే పెట్టాను. పట్టు ఆమె ఒంటికి అతుక్కుపోయింది. ఎక్కడా ముడత లేదు.

"జర బిగుతుగుందక్కా. చెయ్యి లేస్తలేదు."

"విప్పు. మార్జిన్ ఉంది, వదులు చేస్తా. హుక్కులు తీస్తా రా."

"కిందివి నాకు అందుతయి. పైవాటికి నిన్ను పిలుస్త."

పరదా వెనక్కి పోయింది. నేను టేబుల్ మీద చాక్ కోసం వెతుకుతున్నాను. బయట వాన. షెడ్డు రేకుల మీద ఒకటే మోత.

ఆ మోతలో... టకటకటకటక.

పక్క గది వైపు చూశాను. చప్పుడు అటు నుంచి రావట్లేదు.

పరదా వెనక నుంచి వస్తోంది.

అక్కడ మిషను లేదు. ఒక మనిషి నిలబడేంత జాగా, ఒక అద్దం ముక్క. అంతే.

"కావ్యా."

చప్పుడు ఆగింది. రెండు దెబ్బలు. టక్... టక్.

"అక్కా..." చాలా చిన్న గొంతు. "అక్కా, వెనుక ఎవరో ఉన్నరు..."

పరదా లాగాను. కావ్య ఒక్కతే ఉంది. గోడ వైపు తిరిగి, కొలతలకు నిలబడ్డట్టు చేతులు రెండూ పక్కలకు చాపి నిలబడి ఉంది. మురిగిన గోనె వాసన గుప్పుమంది. వీపు మీద హుక్కులు కనబడలేదు. హుక్కుల పట్టీ ఉన్న చోట నిలువునా ఒకే కుట్టు. మిషను కుట్టు. మనిషి ఒంటి మీద ఉండగా మిషను కుట్టు ఎట్లా పడుతుంది... ఆ ఆలోచన వచ్చింది, పోయింది.

నేను చూస్తుండగానే కుట్టు కదిలింది. నడుము దగ్గర నుంచి పక్కగా, చంక వైపు, ఒక్కొక్క పోగే పైకి పాకింది. సూది లేదు. దారం ఉంది. అది పోయిన చోటల్లా పట్టు లోపలికి లాక్కుంటోంది.

"ఊపిరి... ఆడుతలేదు..."

కత్తెర తెచ్చాను. అంచు దగ్గర మొన పెట్టబోతే చోటు లేదు. బట్టకూ చర్మానికీ మధ్య గోరు కూడా దూరలేదు. ఎట్లాగో కాస్త కోశాను. కోసిన చోట నా కళ్ల ముందే కుట్టు వచ్చి మూసుకుంది. మళ్లీ కోశాను. మళ్లీ మూసుకుంది. నా చెయ్యి కోస్తూనే ఉంది. ఎవరి చెయ్యినో దూరం నుంచి చూస్తున్నట్టుంది. కావ్య మెడ దగ్గర పట్టు బిగిసింది. ఆమె చెవులు నల్లబడుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి కానీ నాకేమీ వినబడలేదు.

కత్తెర వదిలేసి ఆమె వీపు మీద చెయ్యి పెట్టాను.

"స్నేహా," అన్నాను. "చాలు. ఈ పిల్లను విడిచిపెట్టు."

కుట్టు ఆగింది.

ఒక్క క్షణం. తర్వాత మళ్లీ కదిలింది, మెడ వైపు.

"స్నేహా... నేనే. అక్కను. చాలురా తల్లీ."

కావ్య పెదాలు ఇంకా కదులుతున్నాయి. అద్దం ముక్కలోకి చూస్తూ ఏదో అంటోంది. ఆ తర్వాత ఏమైందో గానీ, కుట్టు ఉన్నచోటే నిలిచిపోయింది. ఆమె నడుము దగ్గర దారం కొస ఒకటి వేలాడుతూ కనిపించింది. అంతకుముందు అది అక్కడ లేదు. పట్టుకుని లాగాను. ఎవరో నోట్లో పెట్టుకుని తడిపినట్టు తడిగా ఉంది. లాగినకొద్దీ వచ్చింది. వీపు పొడుగునా కుట్టు విడిపోయి జాకెట్టు రెండు ముక్కలై జారింది. కావ్య నా మీద పడింది. గొంతులోంచి గాలి బొంగురుగా వచ్చింది. వెన్ను మీద మెడ నుంచి నడుము దాకా సన్నటి చుక్కలు, సూది పోట్లలాగా, ఒకే వరసలో. రక్తం లేదు.

తేజస్వి వచ్చి కారులో దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు చెమటకాయలన్నాడు. ముసురు చెమ్మకు లోపలి లైనింగ్ కుంచించుకుపోయి ఊపిరి ఆడలేదేమో అన్నారు యూనిట్ వాళ్లు. కావ్య నర్సంపేటకు వెళ్లిపోయింది. ఆ జాకెట్లన్నీ పక్కన పెట్టి హరీష్ తనే కోసి కొత్తవి కుట్టాడు. ఇంకో పిల్లతో సీను తీశారు. నేను మళ్లీ అటు పోలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చి బీరువాలోంచి స్నేహ బట్టల కవరు తీశాను. జాకెట్టుకు చంక దగ్గర వదిలిన కుట్టు చేత్తో వేశాను. నేను కుట్టేదాన్ని కాదు, వంకర వచ్చింది. వేస్తుండగా ఏడుపు వచ్చింది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. అది నా మాట విన్నది, అనుకున్నాను. పిలిస్తే విన్నది. విని ఆ పిల్లను వదిలింది. ఆ తర్వాత కొన్నాళ్లు అన్నం అన్నంలాగా అనిపించింది.

నిన్న మధ్యాహ్నం కావ్య ఫోన్ చేసింది. నేను వంటింట్లో ఉన్నాను, కూరకు పోపు పెట్టి స్టవ్ తగ్గించాను. బాగున్నావా అంటే బాగున్న అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నేనే అడిగాను.

"ఆ రోజు అద్దంలో చూసినవు కదా. మా చెల్లెను చూసినవా? సన్నగుంటది. జడ వేసుకుంటది."

అవతల కావ్య తలుపు మూస్తున్న చప్పుడు వచ్చింది.

"చెప్పు, ఏం కాదు. అది నా మాట విని నిన్ను వదిలింది."

"అక్కా... ఆడమనిషి కాదు."

నేను గరిటె పక్కన పెట్టాను.

"మస్తు పొడుగున్నడు అక్కా. పరదా రాడ్డు మీదికెల్లి వంగి నా భుజం మీద మొహం పెట్టిండు. నోట్లె దారం పట్టుకున్నడు. నువ్వు స్నేహా అన్నప్పుడు ఆగి నీ దిక్కు చూసిండు. నా చెవిల అడిగిండు."

"ఏమడిగిండు?"

"గీత మంచిగ గీసింది, ఎవరామె అని. పేరు చెప్తే విడుస్త అన్నడు. నాకు ఊపిరి ఆడుతలేదక్కా. సచ్చిపోత అనుకున్న. చెప్పిన. చెప్పంగనే దారం వదిలిపెట్టిండు."

స్టవ్ మీద కూర ఉడుకుతోంది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. గల్లీలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు.

"పేరేనా?" అన్నాను. "ఇంకేమన్న అడిగిండా?"

"ఇల్లు అడిగిండక్కా."

"చెప్పినవా?"

అవతల కావ్య ఏడుస్తోంది. నేను ఫోన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.