నాలుగో నమూనా గోడ

నాలుగో గోడని కూడా మెరిన్ హేగ్ కాదంటే, ఆల్విన్ టార్డాఫ్ తాపీ సంచిలో వేసుకుని ఇంటికి పోవాలి. ఆ మాట సైటు మేనేజరు క్లిఫర్డ్ టీలో బిస్కెట్టు ముంచుతూ చెప్పాడు.

"హల్ ఊరి నుంచి ఇంకో మేస్త్రీని పిలుస్తారట. కంపెనీ మాట. నామీద కోపం పెట్టుకోకు."

"పెట్టుకోను. నీ బిస్కెట్టు విరిగి టీలో పడింది, చూసుకో."

యార్క్‌షైర్‌లో థార్న్‌గిల్ ఉన్ని మిల్లుకి నూట డెబ్బై ఏళ్ళు. అంత పాత కట్టడంలో ఒక్క ఇటుక ముట్టుకోవాలన్నా ముందు గజం పొడవున నమూనా గోడ కట్టి, కౌన్సిల్ ఆఫీసరు చేత ఔననిపించుకోవాలి. ఆఫీసరు మెరిన్. పసుపు కోటు, తెల్ల హెల్మెట్టు, ముక్కు మీద వాన చుక్క. ఆ చుక్క ఆల్విన్‌కి మొదటిరోజే నచ్చింది. గోడ ఆమెకి నచ్చలేదు.

మొదటిదాన్ని "సున్నం మరీ తెల్లగా ఉంది" అంది. రెండోదాన్ని "నల్లగా ఉంది" అంది. మూడోదాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏదో తేడాగా ఉంది" అని, అతనితో టీ తాగి వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళుగా తాపీ పట్టినవాడు ఉడికిపోవాల్సింది పోయి, మళ్ళీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు. ప్రేమకి రోషం తక్కువ.

ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. గోడ నెగ్గితే ఆమె రాదు. ఓడితే తను ఉండడు. కావాలని చెడగొట్టడం చేతకాక, బుద్ధిగా కట్టి, సున్నం బీటలివ్వకుండా తడి గోనెపట్టా కప్పాడు.

శుక్రవారం వానలో మెరిన్ వచ్చింది. వెంట ఒక ముసలాయన. ఆయన పట్టా ఎత్తి, గోడ చూసి, "బాగుంది" అని సంతకం పెట్టి, క్లిఫర్డ్‌తో టీకి వెళ్ళిపోయాడు. మొత్తం ఒక్క నిమిషం.

"ఆయనెవరు?" అన్నాడు ఆల్విన్.

"ఆగ్డెన్ గారు. నిన్న మీ ఫైలు ఆయనకి ఇచ్చేశాను."

"ఎందుకు?"

"మీ మొదటి గోడ బాగుంది కాబట్టి."

"రెండోది?"

"అదీ బాగుంది."

"మూడోది?"

"దాన్ని కూలగొడుతుంటే చూడలేక ముందే వెళ్ళిపోయాను."

ఈసారి అతనికి నిజంగానే ఒళ్ళు మండింది. "నా గోడని ఇంతవరకు ఎవరూ కాదనలేదు. నా పని ఊడిపోబోయింది, తెలుసా?"

"నిన్న క్లిఫర్డ్ చెప్పాడు. వెంటనే మా పెద్దాఫీసరు దగ్గర అంతా ఒప్పేసుకున్నాను. బాగా గడ్డిపెట్టాడు. తప్పు నాదే, క్షమించండి."

"బయటెక్కడైనా టీకి రమ్మని అడిగితే పోయేది కదా!"

"మీ గోడ మీద సంతకం పెట్టాల్సినదాన్ని. అడగకూడదు. గోడ కాదంటేనే మళ్ళీ రావచ్చు." ఆమె గొంతు తగ్గించింది. "మిమ్మల్ని చూడకపోతే వారం గడవట్లేదు. ఇప్పుడు సంతకం నాది కాదు కాబట్టి చెబుతున్నాను."

ఆల్విన్ కోపం చల్లారింది. అయినా మొహం అలాగే పెట్టుకున్నాడు.

"సున్నం గోడ కడితే వందేళ్ళు ఉంటుంది. నువ్వు మూడు కూల్పించావు. నాకు మూడొందల ఏళ్ళు బాకీ."

మెరిన్ ముక్కు మీది వాన చుక్క తుడుచుకుంది.

"రేపు శనివారం నాకు ఖాళీయే," అంది. "మొదలుపెడదామా?"