ప్రమీల బోరింగు నీళ్లు

ఎమ్మిగనూరులో మగ్గాల వీధి చివర ఒక బోరింగు ఉంది. దీపాలు పెట్టాక ఆ పక్కకి పోవడానికి మీసాలున్న మగవాళ్లే వెనకాడతారు. కడుపుతో ఉన్న ప్రమీల అనే ఆవిడ నీళ్లు కొట్టుకుంటూ అక్కడే కూలబడి, పసరు కక్కుకుని ప్రాణం విడిచిందట. అప్పటినుంచి చీకట్లో ఆ చోట ఎవరో నీళ్లు మింగుతున్నట్టు చప్పుడు... గుటక మీద గుటక.

చప్పుడొక్కటే అయితే సరిపోయేది. పిల్లల కాళ్లకు మానని పుండ్లు, పెద్దలకు కడుపులో మంట, కొత్త కోడళ్లకు నిలవని కడుపులు — అన్నీ ప్రమీల నెత్తినే వేశారు. చచ్చినదానికి నోరు లేదు కదా, ఎన్నయినా వేయొచ్చు.

ఆమెను శాంతింపజేయడానికి వీధిలో ఒక ఆచారం కూడా పుట్టింది. ఇల్లాలు నెల తప్పితే, అమావాస్య రాత్రి మొగుడు ఒంటరిగా ఆ బోరింగుకు పసుపు కుంకుమ పెట్టాలి. చెంబెడు నీళ్లు కొట్టుకుని, నోరు విప్పకుండా ఇంటికి తేవాలి. ఆ నీళ్లు తాగిన ఆడమనిషి కడుపు జోలికి ప్రమీల రాదని నమ్మకం.

మగ్గం నేసే కుమారస్వామి అలా రెండుసార్లు తెచ్చాడు. భార్య ఉష రెండుసార్లూ ముక్కు మూసుకుని తాగింది. రెండు కడుపులూ పోయాయి.

"దోవలో నోరిప్పింటావు," అంది అతని తల్లి పద్మమ్మ.

విప్పలేదని అతనికి తెలుసు. అయినా ఏమో, దగ్గానేమో అని మనసులో పీకుతూనే ఉంది.

ఇప్పుడు ఉష మళ్లీ నెల తప్పింది. "ఇది గూడా పోతే నేను బతకను," అని గోడవైపు తిరిగి పడుకుంది. అమావాస్య రాగానే కుమారస్వామి చెంబు పట్టుకుని బయల్దేరాడు.

వీధి చివర దీపం లేదు. బోరింగు కొట్టి, ఫోను లైటులో చెంబులోకి చూశాడు. పచ్చటి నీళ్లు, పైన జిడ్డు నురగ, కుళ్లిన గుడ్ల కంపు. రంగు నూలు మధ్య పుట్టి పెరిగిన ముక్కు గనక అన్నాళ్లూ పట్టించుకోలేదు. ఆ రాత్రి మాత్రం చెంబును మొహానికి దూరంగా పట్టుకున్నాడు. దీన్నా నా పెళ్లాం తాగేది... అనుకున్నాడు. అనుకుని కూడా చెంబు నింపాడు. లైటు ఆర్పాడు.

అప్పుడు వినిపించింది.

గుటుక్... గుటుక్... గుటుక్...

వెనక, ఎండిపోయిన పాత బోరు దగ్గర. కంపచెట్ల చాటున ఒక తెల్లటి ఆకారం — నేలమీదకి వంగి ఉంది.

కుమారస్వామికి ఒళ్లంతా చెమట పట్టింది. ముందు రెండుసార్లూ ఇదే చప్పుడు విని వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. ఈసారి కాళ్లు ఇంటివైపు తిరగలేదు. ప్రమీల కాళ్లు పట్టుకునైనా అడుగుదాం, ఈ ఒక్క బిడ్డనీ వదిలెయ్యమ్మా అని...

దగ్గరికి పోయాడు. లైటు వేశాడు.

తెల్ల పంచె. తెల్ల బనీను. నూలుకు రంగులేసే షెడ్డు నడిపే సిద్ధప్ప — నాయన పోయాక తన పెళ్లి దగ్గరుండి చేసిన సొంత పెదనాయన! ఒంచిన డ్రమ్ములోంచి నల్లటి రంగునీళ్లు పాత బోరు గొట్టంలోకి గుటుక్ గుటుక్‌మని దిగుతున్నాయి. గొట్టం మూతి చుట్టూ పుండుకు చీము ఎండినట్టు అట్టలు కట్టి ఉంది.

"అరవాకు నాయనా," అన్నాడు సిద్ధప్ప గుసగుసగా. "కాలవలో వదిలితే షెడ్డు మూసేయిస్తారు. ఈడైతే భూమి తాగేస్తాది."

కుమారస్వామి వెనక్కి తిరిగి బోరింగు వైపు చూశాడు. కూతవేటు దూరం కూడా లేదు, పక్కనే ఉంది.

"భూమి తాగిందే గదా పెదనాయనా, ఆడ మేము కొట్టుకునేది."

సిద్ధప్పకు కుమారస్వామి చేతిలో చెంబు అప్పుడే కంటపడింది.

"ఉష మళ్లా...?" అని ఆగాడు. "పారబొయ్యి నాయనా. అది తాపొద్దు. మా ఇంట్లో ఆ నీళ్లు ముట్టక ఏండ్లయింది."

కుమారస్వామి లైటు సిద్ధప్ప మొహం మీదకి తిప్పాడు.

"ముందు రెండుతూర్లు నేను నీళ్లు పట్టుకపోతాంటే... నువ్వు ఈడనే ఉండినావా?"

"ఉండినా."

"చూసినావా?"

"చూసినా." సిద్ధప్ప డ్రమ్ము మూత బిగిస్తూ తల వంచుకున్నాడు. "పలికితే దొరికిపోతానని... పలకలేదు."

కుమారస్వామి తన తలమీద అక్షింతలు వేసిన చేతుల్నే చూస్తూ, చెంబు ఆయన మొహం ముందుకు చాపాడు.

"ఒక్క గుక్క తాగు, పెదనాయనా."

సిద్ధప్ప పంచె చెంగుతో ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు.