మైకు వెనక మాటలు

నాగప్ప హరికథ ఎత్తుకుంటే కోట గుమ్మం దాకా వినిపిస్తుందని గద్వాలలో నాగప్ప ఒక్కడే చెప్పేవాడు. ఇంకెవరూ ఆ మాట అనలేదు గనుక ఆ ఏడు దసరాకు ఊరి పెద్దలు మైకు సెట్టు పిలిపించారు. అప్పుడప్పుడే రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. సికిందరాబాదులో రేడియోలు బాగుచేయడం నేర్చుకుని, రెండు పాత మైకులు, బూరల్లాంటి లౌడుస్పీకర్లు సంపాదించుకుని వచ్చిన కొల్లాపూర్ కురుమూర్తి దాన్ని ఎడ్లబండి మీద తెచ్చాడు.

మొదటి సాయంత్రం, పిల్లలు లేరని దశరథుడు కుమిలిపోయే చోట మైకు కూత పెట్టింది. మూడు వీధుల కుక్కలు దానికి బదులిచ్చాయి.

నాగప్ప చిడతలు ఆపేశాడు. "ఏందిర ఇది? దశరథుడు ఏడుస్తుంటే మధ్యల నీ ఎద్దు రంకె ఏంది?"

"బూరల సప్పుడు తిరిగొచ్చి మళ్ల మైకుల పడ్తుందయ్యా. జర ఆగుండ్రి."

వేదిక కింద, తండ్రి కోసం శొంఠినీళ్ల చెంబు పట్టుకుని కూర్చున్న పిల్ల కిసుక్కున నవ్వింది. "ఎద్దు అంటవేంది నాయనా, ఈయన గొంతే గట్లుంటదేమో."

కురుమూర్తి తలెత్తి చూశాడు. నాగప్ప కూతురు ఈరమ్మ. అతని చేతిలోని స్క్రూ జారి ఇసుకలో పడిపోయింది. వెతకాలన్న ధ్యాస కూడా అతనికి కలగలేదు.

మర్నాడు పొద్దున అతను రెండు మైకులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి తాడుతో కడుతుంటే ఈరమ్మ వచ్చి నిలబడింది.

"ఒక్కటే అంత కూత పెట్టింది. రెండు పెడ్తే ఊరు ఖాళీ చేయాల్నా?"

"ఒకటి నాలుగు దిక్కులా ఇంటది. ఇంకోటి ముందు, ఎనక ఇంటది, పక్కలకు చెవుడు. రెండిటి తీగెలు కలిపితే ముందటి మాటే ఇంటయి. ఎనక నుంచి ఏమొచ్చినా ఇనపడదు."

"రెండూ ఎనక ఇంటయంటివి. కలిస్తే ఎట్ల ఇనవు?"

"ఇసుర్రాయి ఇద్దరు తిప్పుతరు గద. ఇద్దరు ఒక్క దిక్కు తిప్పితే జోరుగ తిరుగుతది. ఒకరు ఇటు, ఒకరు అటు గుంజితే?"

"కదల్ది. మా అమ్మ, నేను పొద్దుగాల గట్లనే కొట్లాడుకుంటం."

"ముందటి మాటకు ఇవి రెండూ ఒక్క దిక్కు తిప్పుతయి. ఎనక మాటకు రెండోది ఉల్టా గుంజుతది. అంతే."

ఈరమ్మ తీగెల వంక చూసింది. "మరి దీని తీగెలు అటుదిటు చేస్తే?"

"అప్పుడు అంతా ఉల్టా. మీ నాయనకు చెవుడు, ఎనకోళ్ల మాట ఊరంతకు." అతను నవ్వి, మార్చకూడని తీగెకు కుంకుమ బొట్టు పెట్టి గుర్తు చేశాడు.

ఆ సాయంత్రం కూత రాలేదు. నాగప్ప గొంతు నిజంగానే కోట గుమ్మం దాకా పోయింది. ఆయన మీసాలు రెండూ పైకి లేచాయి. ఇకపోతే మైకు వెనుక భాగం జనం వైపు ఉంది. సరిగ్గా దాని కిందే, వేదిక ముందు నేల మీద, కురుమూర్తి యాంప్లిఫయర్ పెట్టె, పెట్టె పక్కనే ఈరమ్మ చెంబు. అక్కడ గుసగుసగా ఏం మాట్లాడుకున్నా ఎవరికీ వినపడదు. ఇంత మంచి చోటు గద్వాల మొత్తంలో ఇంకొకటి లేదు. పైన రాముడు తాటకిని చంపుతుంటే కింద కురుమూర్తి కొల్లాపూర్ మామిళ్ల రుచి వర్ణించేవాడు. పైన అహల్యకు శాపం తీరేసరికి, మామిడికాయల కాలానికి తనను కొల్లాపూర్ తీసుకుపోతానని ఈరమ్మ అతని చేత ఒట్టు వేయించుకుంది.

చిక్కల్లా నాగప్పతో చెప్పడమే. కులం ఒకటే, అభ్యంతరం లేదు. కానీ తీగెలు మోసుకుతిరిగే వాడికి పిల్లనివ్వనని ఆయన మొదటి రోజే మాటల్లో భార్య సత్తెమ్మతో అనేశాడు. రాయచూరులో పత్తి వ్యాపారుల సంబంధం చూసుకున్నాడు. వాళ్లు దసరా నాడు వచ్చి, కథ విని, మర్నాడు తాంబూలాలు పుచ్చుకుంటారు.

"నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అని ఈరమ్మ రోజూ అడిగేది.

"రేపు చెప్త."

"నీ ధైర్యమంత ఈ చెవిటి మైకు ఎనకనే."

దసరా రానే వచ్చింది. ఆయుధపూజకు కురుమూర్తి మైకులు విప్పి పీట మీద పెట్టాడు. సత్తెమ్మ చేతికి ఎముక లేదు. మైకులకు, పెట్టెకు, బూరలకు, తీగె తీగెకూ పసుపు రాసి ఇంతింత బొట్లు పెట్టింది. సాయంత్రం చూస్తే ఏ తీగె చూసినా ముత్తైదువలాగే ఉంది. తాను గుర్తు పెట్టిన తీగె ఏదో కురుమూర్తికి తెలియలేదు. సరే, దైవం మీద భారం వేసి బిగించాడు. ఒక్కసారి హలో అని చూసుకుందామంటే నాగప్ప ఒప్పుకోలేదు.

"పూజ చేసిన మైకుల మొదటి మాట దేవునిదే పడాలె. నీ హలో గిలో వద్దు."

ఆ వేళ సీతాస్వయంవరం. రాయచూరు వాళ్లు ముందు వరుసలో కూర్చున్నారు. నాగప్ప వేదిక ఎక్కి, విల్లు ఎత్తబోయే రాముడిలా చేతులు చాచి నోరు తెరిచాడు.

బూరల్లోంచి ఈరమ్మ గొంతు వచ్చింది. "రాయచూరోళ్లు వచ్చి కూసున్నరు. నాయనకు చెప్పినవా?"

వెనకే కురుమూర్తి గొంతు. "చెప్దామని పోయిన. రాగం తీస్తుండు. మీ నాయన రాగం తీస్తే మా ఊరి మేకలు యాదికొస్తయి ఈరమ్మా, మాట రాదు."

జనం విరగబడి నవ్వారు. వేదిక మీద నాగప్ప నోరు ఆడుతూనే ఉంది, చప్పుడు లేదు. కురుమూర్తి స్విచ్ కోసం చెయ్యి చాచాడు. ఈరమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్," అంది. ఆ మాట కూడా ఊరంతా వింది. "ఎట్లాగూ ఇన్నరు గనక మొత్తం ఇనుండ్రి. నాకు రాయచూరు వద్దు. ఈయన్నే చేసుకుంట. నాయన ఒప్పుకోకుంటే ఇంట్లనే కూసుంట, ఇంకొకరిని చేసుకోను." అతని వైపు తిరిగింది. "ఇగ నువ్వు చెప్పు. ఇప్పుడు ఇనపడ్తది."

కురుమూర్తికి అర్థమైంది. ఇప్పుడు నోరు విప్పకపోతే ఈ పిల్ల తనకు దక్కదు. దక్కే అర్హత కూడా తనకు ఉండదు.

"అయ్యా, నాకు మీ బిడ్డనియ్యుండ్రి," అన్నాడు. "మొదటి దినమే అడగాల్సింది. భయపడ్డ."

రాయచూరు వాళ్లు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. నాగప్ప వేదిక మీద నుంచి ఏదో గట్టిగా అరిచాడు. వెనక వరుసల వాళ్లు, "ఇనపడ్తలేదు నాగప్పా, కిందికి దిగు," అని అరిచారు.

ఆయన దిగాడు. వినపడాలంటే మరో దారి లేదు. పంచె ఎగ్గట్టి, పెట్టె దగ్గర కూతురి పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"నా రాగం మేక లెక్క ఉంటదా?" బూరలన్నీ ఆ ప్రశ్నే అడిగాయి.

కురుమూర్తి అబద్ధం చెప్పలేకపోయాడు. "ఉంటదయ్యా. కాని ఆ మేకలంటే నాకు పానం."

ఆడవాళ్ల మధ్య నుంచి సత్తెమ్మ గట్టిగా అంది. "నేను లగ్గం అయిన కాడి నుంచి గదే చెప్తున్న."

నాగప్ప మీసం తిప్పుతూ కూతురి ముఖంలోకి చూశాడు. అక్కడ భయం లేదు గానీ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయన గొంతు మెత్తబడింది.

"నేను పైన సీతమ్మ స్వయంవరం చెప్పబోతి. కింద నా బిడ్డ చేసేసుకుంది. ఇగ నేను కాదంటే కథ చెప్పే మొగం నాకుంటదా?" అని కురుమూర్తి వైపు తిరిగాడు. "అయ్యా అనుడు బంద్ చెయ్. మామా అను."

"తీగెలు మారుస్త మామా. మీరు పైకి పోండ్రి."

"దేవుని కథ మధ్యల ఆపొద్దు," అంటూ నాగప్ప చిడతలు అందుకున్నాడు.

ఆ సాయంత్రం గద్వాలలో వేదిక ఖాళీగా ఉంది. సీతారాముల పెళ్లి మొత్తం నేల మీద నుంచే జరిగింది. పెళ్లి పాటకు ఈరమ్మ కూడా గొంతు కలిపింది, కురుమూర్తి శొంఠినీళ్ల చెంబు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.