కాలని తాళంచెవి

మెట్లు!

ఇంకా రెండంతస్తులు...

మసక చీకట్లో ఆమె మూడేసి మెట్లు దూకుతోంది. పిడికిట్లో పసుపుపచ్చ ప్లాస్టిక్ తాళంచెవి. వెనక బూట్ల చప్పుడు.

"మేడమ్! ఆగండి!"

నిప్పుకోడి!

పొడుగు మెడ, పొద్దస్తమానం ఫర్నేస్ దగ్గరే కాపురం... అందుకే ల్యాబ్‌లో అందరూ అతన్ని అలా పిలుస్తారు. నిన్నటిదాకా ఆమె కూడా నవ్వుతూనే పిలిచింది.

ఇప్పుడు నవ్వు రావట్లేదు.

నిన్న సార్‌ని ఎవరో చంపేశారు. ఆయనా తనూ ఏళ్లతరబడి చెమటోడ్చి తయారుచేసిన, త్రీడీ ప్రింటర్‌లో పోసే రెజిన్ ద్రవం సీసా లాకర్‌లోంచి మాయం. ఆ లాకర్‌కి ఉన్నవి రెండే తాళంచెవులు. ఒకటి సార్ జేబులోనే దొరికింది. రెండోది ఆమెది.

ఇంకేం! వేళ్లన్నీ ఆమె వైపే.

కానీ ఇందాక త్రీడీ ప్రింటర్ ట్రే కింద ఇది దొరికింది. అచ్చం లాకర్ తాళంచెవే. కాకపోతే కాస్త పెద్దది. ఫర్నేస్‌లో కాలిస్తే ఈ ప్లాస్టిక్కే రాయిలాంటి సిరామిక్ అవుతుంది... కుంచించుకుపోయి లాకర్‌లో చక్కగా దూరుతుంది! ఎంత కుంచించుకుంటుందో ల్యాబ్‌లో ముగ్గురికే తెలుసు. సార్ పోయారు. తను కాదు.

మిగిలింది... ఆ బూట్ల చప్పుడు!

గేటు. రోడ్డు. కారు!

ఫోన్ చెయ్యగానే బావ వచ్చేశాడు. అక్క మొగుడు, పైగా ఇన్‌స్పెక్టర్. ఆమె ముందు సీట్లో కూలబడుతుంది. వెనక సీట్లో అక్క.

హమ్మయ్య!

"పోనీ బావా!"

టక్. డోర్లు లాక్ అయ్యాయి. కారు మాత్రం కదల్లేదు.

"ఇది దొరికింది బావా! దొంగ తాళంచెవి. ఇక నేను బయటపడ్డట్టే!"

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

"పిచ్చిమొహమా... కాల్చనిది ఏం రుజువు? ఇంకా కుంచించుకోనేలేదుగా."

"నిజమే, కానీ..."

ఆమె గిర్రున తిరిగి బావని చూసింది.

కాల్చాలని ఈయనకి ఎవరు చెప్పారు?

నిన్న స్టేషన్‌లో తను వివరించబోతే, "మీ కెమిస్ట్రీ నా బుర్రకెక్కదు మరదలా" అని ఆవలించాడు!

డోర్ లాగుతుంది. రాదు!

బావ చేతిలో పిస్టల్.

వెనకనుంచి ఓ చెయ్యి వచ్చి దాన్ని లాగేసుకుంది.

"అక్కా!"

ఆమెకి ఏడుపు తన్నుకొస్తోంది. ఎంతైనా తోడబుట్టింది!

చల్లటి గొట్టం ఆమె మెడకి ఆనింది.

"నోట్లో నువ్వుగింజ నానదు కదండీ మీకు!" అక్క మొగుణ్ణి కసిరింది. తర్వాత మెల్లగా, "కాలిస్తే ఉన్ని స్వెటర్ ఉతికినట్టు బిగుస్తుందని, లెక్కతో సహా నాకు చెప్పింది నువ్వేగా చెల్లీ!"

ధబ్! ధబ్!

కిటికీ అద్దం మీద అరచేతులు. నిప్పుకోడి!

"కారెక్కొద్దని అరుస్తూనే ఉన్నా మేడమ్! మొన్న ల్యాబ్‌కొచ్చి ఆ ప్రింట్ తీసింది మీ అక్కగారే! పిల్లల బొమ్మ అని చెప్పి, ఇంకోటి నాతోనే కాల్పించుకుంది!"

తరమడానికి కాదు... ఆపడానికి వచ్చాడు!

ఢాం!

అద్దం పగిలింది. కిటికీలో పొడుగు మెడ లేదు.

బావ తాపీగా వాకీటాకీ అందుకున్నాడు.

"కంట్రోల్... హంతకురాలు దొరికింది. ఇప్పుడే ఇంకొకణ్ణి కాల్చింది. పారిపోతోంది... కాల్చక తప్పేలా లేదు."

ఆమె అలాగే కూర్చుని ఉంది. కదల్లేదు.

టక్.

ఆమె పక్క డోర్ లాక్ తెరుచుకుంది.

"పరిగెత్తవే," అంది అక్క.