రెండు తాళాల టోస్

ఫోన్ మోగుతోంది.

పైన కాదు. కిందే!

టోస్ సైకిల్ తొక్కడం ఆపేస్తుంది. చెవి ఒగ్గుతుంది. తన చేతిలో ఫోన్... కూతురి నంబరు. మోత మాత్రం రైలెక్కే ప్లాట్‌ఫాం మీంచి వస్తోంది. గోడకున్న ఇనప అరలోంచి!

మరమ్మతుకి పట్టాల మీదికి వెళ్ళేవాళ్ళు జేబులో ఏదీ ఉంచుకోకూడదు. ఫోన్ ఆ అరలో పెట్టాలి. ఫోన్ కింద ఉందంటే...

మారిట్ పైనుంది!

టోస్ తలెత్తి చూస్తుంది. సాయంత్రమే ఇంకా. అయినా డిసెంబరు కదా, చీకటి కమ్మేసింది. సన్నగా చినుకు. ఎక్కడో ఆకాశంలో మెలికలు తిరిగిన పట్టాలు. వాటి మధ్య చిన్న దీపం. కదులుతోంది.

హెల్మెట్ దీపం. తన బిడ్డది.

"దేవుడా... ఈ గాల్లో, ఒక్కతే!"

గంట క్రితమే వచ్చింది మారిట్, పార్కులో తల్లి నడిపే వాఫుల్ బండి దగ్గరికి. వేడివేడి వాఫుల్ నోట్లో కుక్కుకుంటూ చెప్పింది. "బ్రేకుల దగ్గర ఏదో తేడాగా ఉందమ్మా. బోల్టులు వదులైనట్టున్నాయి. పెద్దాయనకి ఫోన్ చేశా. ఇంకెవరికీ చెప్పొద్దు, ఇప్పుడే ఎక్కి చూడమన్నారు."

"రేపు పొద్దున చూస్తే కొంపలు మునుగుతాయా?"

"మునుగుతాయి. రేపు పొద్దున బ్యాంకువాళ్ళొస్తున్నారు."

నిజమే. ఓటర్‌హోఫ్ పార్కుకి రేపే పెద్ద పరీక్ష. జర్మనీ పార్కు కొండంత రోలర్‌కోస్టర్ రైలు కట్టింది. బెల్జియం పార్కు నీళ్ళలోకి దూకే రైలు కట్టింది. ఫ్రాన్సు పార్కు ఒక్క ఏడాదిలో రెండు కట్టింది! మనం కట్టకపోతే మూతే అన్నారు. కట్టారు. పేరు ఉత్తరగాలి. ఉన్నదంతా ఊడ్చి ఇందులో పోశారు. ఇది నడిస్తే బ్యాంకు ఇంకా అప్పు ఇస్తుంది. నడవకపోతే... నాలుగు దేశాల్లో పార్కులున్న గ్రాన్‌వెల్ గ్రూపు పార్కుని కొనేద్దామని గేటు బయటే నోరు తెరుచుకుని కూర్చుంది.

అవన్నీ పెద్దవాళ్ళ గొడవలు. టోస్‌కి ఒక్కటే గొడవ. ఆ దీపం కిందికి రావాలి!

భయపడకూడదు. మారిట్ ఎన్నిసార్లు చెప్పింది! "ఎక్కేముందు కరెంటు మీటకి నా తాళంకప్ప వేస్తానమ్మా. దాని మీద నా ఫొటో ఉంటుంది. తాళంచెవి నా మెడలో ఉంటుంది. ఆ కప్ప ఉన్నంతసేపూ మీట పైకి లేవదు, రైలు కదలదు. ఇంక నిద్రపో తల్లీ."

అందుకే రోజూ బండి మూశాక టోస్ ఇటు తిరిగొస్తుంది. ఫొటో ఉన్న కప్పని ఒకసారి తాకి ఇంటికెళ్తుంది. చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

ప్లాట్‌ఫాం ఎక్కుతుంది. మీట దగ్గరికెళ్ళి చెయ్యి చాస్తుంది.

కప్ప లేదు!

కాలికి ఏదో తగులుతుంది. వంగి చూస్తుంది.

ఎర్ర కప్ప. కొంకి తెగిపోయి ఉంది. ఫొటోలో మారిట్ నవ్వుతోంది.

 టోస్ పోలీసులకి ఫోన్ కొడుతుంది.

"చెప్పండి... టోస్ గారేనా? మళ్ళీనా?"

"తాళం కోసేశారయ్యా! నా కూతుర్ని చంపేస్తారు!"

"అమ్మా, పోయినవారం మీ వాఫుల్ మాడితే ఫైరింజన్ పంపించాం. ఏ తాళం? సైకిల్‌దా?"

"రైలుది!"

"ఏ స్టేషన్?"

"స్టేషన్ కాదయ్యా, పార్కు! ఉత్తరగాలి!"

"గాలా? సరే సరే... కారు ఖాళీ అయితే పంపిస్తా. కంగారు పడకండి."

మెట్ల కింద అడుగుల చప్పుడు!

ఎవరో వస్తున్నారు. దీపం మాత్రం ఇంకా పైనే ఉంది.

ఏం చెయ్యాలి? ఏం చెయ్యాలి!

నడుముకి చుట్టుకున్న సైకిల్ గొలుసు చేతికి తగులుతుంది. వేలి లావు ఇనప గొలుసు. వెనక చక్రానికో తాళం, ఈ గొలుసుకో తాళం. ఆ తుక్కు సైకిల్‌కి రెండు తాళాలేమిటని పార్కంతా పెట్టిన పేరే... రెండు తాళాల టోస్.

గొలుసు లాగుతుంది. మీట కన్నంలోంచి దూరుస్తుంది. పక్కనున్న ఇనప స్తంభం చుట్టూ తిప్పుతుంది. తాళం నొక్కుతుంది.

టక్!

అడుగులు పైకొచ్చేశాయి. పారిపోవడానికి దారి లేదు. ఎదురుగా రైలు. రైలు నిండా బొమ్మలు... మనుషుల బరువుకి బదులు నీళ్ళు నింపి కూర్చోబెట్టిన ప్లాస్టిక్ మొండేలు. తలల్లేవు.

టోస్ ఆఖరి వరసలో రెండు మొండేల మధ్య దూరిపోతుంది. తల భుజాల్లోకి లాక్కుంటుంది.

టార్చి వెలుతురు. నల్ల కోటు. మెషీన్లన్నీ చూసుకునే ఇంజనీరు రుట్గర్. రోజూ బండి దగ్గర 'పిన్నీ' అంటూ పంచదార ఎక్కువ వేయించుకునే రుట్గర్! చెవి దగ్గర ఫోన్.

"సార్... ఆ పిల్ల పైనే ఉంది. కప్ప కోసేశా... రేపు బ్యాంకువాళ్ళ ముందు బ్రేకు సరిగ్గా పడకూడదు, అంతేగా మనం అనుకున్నది? రైలు నాలుగడుగులు దాటి ఆగుతుంది, ఎవడికీ దెబ్బ తగలదన్నారు. ఇప్పుడిది బోల్టులు చూసేసింది... ఏంటి సార్?"

చాలాసేపు వింటాడు.

"యాక్సిడెంటు అంటారా... సరే సార్. నడిపేస్తా."

టోస్ పిడికిలి నోట్లో కుక్కుకుంటుంది. సార్ ఎవరు? గ్రాన్‌వెల్ వాడే... ఆ రాకాసి గ్రూపువాడే!

రుట్గర్ మీట పట్టుకుని లాగుతాడు. గలగల! రాదు. టార్చి వేసి చూస్తాడు. ముందు గొలుసుని వేళ్ళతో తడుముతాడు. తర్వాత నవ్వుతాడు.

"పిన్నీ!"

టోస్ ఊపిరి బిగబడుతుంది.

"నువ్వే కదూ పిన్నీ? ఈ దేశం మొత్తంలో ఇంత లావు గొలుసు ఇంకెవరు వేస్తారు! రా, బయటికి రా. తాళంచెవి ఇచ్చి ఇంటికెళ్ళి సూప్ తాగి పడుకో."

మొదటి వరస మీద టార్చి. మొండెం మీద చెయ్యి వేసి నొక్కుతాడు. నీళ్ళు కదిలిన చప్పుడు.

రెండో వరస.

"చలేస్తోంది పిన్నీ... నీకూ వేస్తుంటుందిగా?"

మూడో వరస. నొక్కుతాడు. దగ్గరికొస్తున్నాడు! టోస్ పళ్ళు టకటకమంటున్నాయి. ముందు వరస... ఇంకొక్కటే...

"ఎవరక్కడ?"

మెట్ల కింద కారు లైట్లు! బొంగురు గొంతు. చేతికర్ర చప్పుడు.

బోస్మన్ గారు! పార్కు యజమాని! వాళ్ళ తాత నాటిన చెట్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి. క్రిస్మస్‌కి ప్రతి పనివాడికీ సొంత చేత్తో రొట్టె పంచే మనిషి.

రుట్గర్ చటుక్కున కంట్రోల్ రూమ్ చీకట్లోకి తప్పుకుంటాడు.

టోస్ ఒక్క ఉదుటున లేస్తుంది. మోకాలు కొట్టుకుంటుంది. పడుతూ లేస్తూ పరిగెత్తి పెద్దాయన కోటు పట్టుకుంటుంది.

"అయ్యగారూ! రుట్గర్... నా బిడ్డని... రైలు నడిపి చంపుతాడట! బ్రేకులు ఊడదీశాడు!"

"నెమ్మది, టోస్, నెమ్మది. నేనొచ్చానుగా." ఆయన చెయ్యి ఆమె వీపు నిమురుతోంది. "ఆ గొలుసు నీదేనా? మంచి పని చేశావు. తాళంచెవి ఏదీ?"

"నా దగ్గరే ఉంది."

"నాకివ్వు. వాడు నీ దగ్గర లాక్కుంటే? నన్ను ముట్టుకోలేడు వాడు."

నిజమే. టోస్ జేబులో చెయ్యి పెడుతుంది. రింగుకి రెండు తాళంచెవులు.  ఇంతలో మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంటుంది...

ఇంకెవరికీ చెప్పొద్దు... ఇప్పుడే ఎక్కి చూడమన్నారు...

ఒక చెవి ఊడదీసి ఆయన అరచేతిలో పెడుతుంది.

"చల్లగా ఉండు తల్లీ," అంటాడు బోస్మన్.

కర్ర టకటకలాడించుకుంటూ మీట దాకా నడుస్తాడు. కంట్రోల్ రూమ్ వైపు తిరుగుతాడు.

"ఇదిగో రుట్గర్, పట్టు. తొందరగా కానీ!"

టోస్ ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

"అయ్యగారూ..."

"నన్ను తప్పు పట్టకు టోస్." ఆయన ఇటు చూడడు. "పార్కులో సగం నా చెల్లెలిది. ఈ రైలు నడిచిందంటే అది చచ్చినా గ్రాన్‌వెల్‌కి అమ్మనివ్వదు. నడవకపోతే సంతకం పెడుతుంది. పక్క దేశాల వాళ్ళతో పోటీ పడీ పడీ అలిసిపోయాను. నీ కూతురు కనిపెట్టకపోతే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు."

రుట్గర్ తాళంచెవి దూరుస్తాడు. తిప్పుతాడు.

తిరగదు!

మళ్ళీ తిప్పుతాడు. బూతులు తిడతాడు.

"ఇది కాదు సార్!"

బోస్మన్ మెల్లగా టోస్ వైపు తిరుగుతాడు. "ఏ చెవి ఇచ్చావు?"

"వెనక చక్రానిది."

"టోస్!"

"నా బిడ్డ పైనుందని మీకు తప్ప ఎవరికీ తెలీదు అయ్యగారూ. ఎక్కమన్నది మీరే! మరి ఆ రుట్గర్‌కి ఎలా తెలిసింది?"

అంటూనే రెండో చెవి విసిరేస్తుంది. కింద నీటికుక్కలు ఈదే మడుగులో... బుడుంగ్!

రుట్గర్ ఆగడు. పరిగెత్తి కోత మెషీన్ తెస్తాడు. ర్ర్ర్ర్! గొలుసు మీద చక్రం ఆనిస్తాడు. నిప్పురవ్వలు చీకట్లోకి ఎగిసిపడతాయి. టోస్ మీద పడబోతుంది. బోస్మన్ చెయ్యి వెనక నుంచి ఆమె మెడ చుట్టూ బిగుసుకుంటుంది. ముసలి చెయ్యే. ఇనపలా ఉంది!

"మారిట్! మారిట్! దిగిపోవే!"

గాలి ఆ కేకని మింగేస్తుంది. పైన దీపం కదలడం లేదు. ఎందుకు కదలదు? వినపడలేదా?

ర్ర్ర్ర్... ఠంగ్!

గొలుసు తెగిపోతుంది. మీట పైకి లేస్తుంది. ఎక్కడో లోపల మోటార్లు మూలుగుతాయి.

రుట్గర్ కంట్రోల్ రూమ్‌లోకి దూకుతాడు. పచ్చ బొత్తాం!

రైలు ఒక్కసారిగా దూసుకుపోతుంది. తలల్లేని ప్రయాణికులతో. ప్లాట్‌ఫాం అదురుతుంది. పైకి... ఇంకా పైకి... శిఖరం దాటుతుంది... మెలిక... బోర్లా... మళ్ళీ మెలిక...

దీపం వైపు!

"వద్దూ!"

దీపం ఆరిపోతుంది.

టోస్ మోకాళ్ళ మీద కూలబడుతుంది.  బోస్మన్ చెయ్యి వదిలేస్తాడు. టోపీ తీసి పట్టుకుంటాడు.

అప్పుడు... వెనక నుంచి ఎవరో ఆమె జబ్బ పట్టుకుని లాగుతారు.

"లే అమ్మా!"

తడిసిన జుట్టు. గ్రీజు మొహం. హెల్మెట్ లేదు.

"మా... మారిట్?"

"కరెంటు మీట దగ్గర నిప్పులు ఎగురుతుంటే పైన కూర్చోడానికి నాకేమన్నా పిచ్చా! హెల్మెట్ పట్టాల మీదే వదిలి వెనక నిచ్చెన దిగొచ్చా. లే, పరిగెత్తు! ఆ బ్రేకులు పట్టవు!"

బోస్మన్ టోపీ చేతిలోంచి జారిపోతుంది.  కాళ్ళు కదలవు.

పట్టాలు వణుకుతున్నాయి. రైలు చుట్టు తిరిగి వచ్చేస్తోంది.

మారిట్ తల్లిని మెట్ల మీదికి ఈడ్చేస్తోంది. టోస్ వెనక్కి తిరుగుతుంది. పట్టాల చివర, అద్దాల కంట్రోల్ రూమ్‌లో రుట్గర్. నీళ్ళు నింపిన మొండేలన్నీ నేరుగా అతని వైపే వస్తున్నాయి. అతను అటు చూడ్డం లేదు. ఇటే చూస్తున్నాడు.

భయం ఆగదు కదా! ఎవరి బిడ్డైనా బిడ్డే.

"రుట్గర్! తప్పుకో నాయనా! అది ఆగదు! తప్పుకో!"

టోస్ భయపడితే ఈ పార్కులో అందరూ నవ్వుతారు.

రుట్గర్ కూడా నవ్వాడు.

రైలు ఆగలేదు.