మూడో గోదాము కాపలా పట్టీ

మంగళవారం ఉదయం సారిబులాక్ రైల్వేస్టేషన్‌లో ఒక మనిషి టీ తాగుతూ తాగుతూ బల్లమీదికి ఒరిగిపోయాడు. టీలో విషం. అతని చొక్కా మడతలో ఒక చీటీ దొరికింది: "ఈరోజే. మందుగుండు గోదాము."

చనిపోయింది మా గూఢచారి శాఖ మనిషే.

"దండులో గోదాములు ఐదున్నాయి. ఏది పేలుస్తారో, ఎన్నింటికో చెప్పేలోపే పోయాడు," అన్నాడు కర్నల్ ఒరాజ్, రహస్య ఫోన్లో. "కాపలా పట్టీలు బయటికి ఇస్తున్నది లోపలివాడే. కనుక్కో."

"ఐదూ ఖాళీ చేయిద్దాం సార్. కాపలాలో పిల్లలున్నారు," అన్నాడు కెప్టెన్ అయ్‌బర్.

"ఖాళీ చేస్తే విదేశీ ముఠా జారిపోతుంది. సైనికులు ఉన్నది దేనికయ్యా?"

ఫోన్ పెట్టేసి అయ్‌బర్ తెల్లకోటు తొడుక్కున్నాడు. మూడు వారాలుగా అతని మారువేషం దండు ఆస్పత్రిలో పళ్ల డాక్టరు. ఇప్పటికి తొమ్మిది పళ్లు పీకాడు. అందులో రెండు మంచివే.

మధ్యాహ్నం ఒకటిన్నరకి మిర్జాతాయ్ అనే సైనికుడు చీటీ పట్టుకుని వచ్చాడు. "రెండు నుంచి నాలుగు దాకా పంటి వైద్యం. కాపలా నుంచి మినహాయింపు." కింద సిబ్బంది శాఖ అధిపతి మేజర్ కెంజెబెక్ సంతకం.

"ఏ పన్నురా?"

"ఏదీ కాదు సార్. నిన్న వీటితోనే గొర్రె ఎముక కొరికా."

"మరెందుకొచ్చావ్?"

"మేజర్ గారు పొమ్మన్నారు. నాలుగులోపు కుర్చీలోంచి లేస్తే కాళ్లు విరగ్గొడతానన్నారు."

"నీ డ్యూటీ ఎక్కడ?"

"మూడో గోదాము. మిగతా ఆరుగురూ వెళ్లారు. నాకొక్కడికే ఈ యోగం."

అయ్‌బర్ చేతిలో పట్టకారు ఆగిపోయింది. "నీ ఏడు తరాల పేర్లు చెప్పు."

మాలో ఏడు తరాల తాతల పేర్లు చెప్పలేనివాడికి పిల్లనివ్వరు. ఆ ఏడింట్లో ఒక్క పేరు కలిసినా ఇద్దరూ అన్నదమ్ములే. కుర్రాడు గడగడా అప్పజెప్పాడు. ఐదో పేరు కోష్కర్‌బాయ్. దండులో అధికారులందరి వంశాలూ కంఠతా పట్టి వచ్చాడు అయ్‌బర్. మేజర్ తాతల్లోనూ ఆ కోష్కర్‌బాయే ఉన్నాడు.

ఇంకేం కావాలి? చోటు తెలిసింది, వేళ తెలిసింది, లోపలివాడెవరో తెలిసింది. కుర్రాణ్ణి కుర్చీలోనే వదిలేసి, తెల్లకోటుతోనే పరుగెత్తాడు.

మూడో గోదాము ముందు ఆరుగురు సైనికులు పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటున్నారు. దూరంగా ప్రహరీ గోడ పక్కన ఒక ఎలక్ట్రీషియన్, చేతిలో చిన్న నల్ల డబ్బా. అతని పక్కన గౌహర్, ఎర్ర పట్టు రుమాలు, ఫ్లాస్కు. ఆమె ముఠాకి దుభాషి, మాకు గూఢచారి. రెండు పక్షాలకీ ఆమె అందం మీద ఉన్న నమ్మకం ఆమె మీద లేదు.

"ఆవుపాలున్నాయా అమ్మా?" అయ్‌బర్ కోడ్ మాట వదిలాడు.

"గుర్రప్పాలే ఉన్నాయి డాక్టరుగారూ."

అంటే డెటనేటర్ ఆ డబ్బాలోనే ఉంది. ఎలక్ట్రీషియన్‌కి అనుమానం వచ్చింది. బొటనవేలు మీటమీదికి పోయింది. గౌహర్ ఫ్లాస్కులోని పొగలు కక్కే టీ మొత్తం ఆ చేతిమీద ఒంపేసింది. డబ్బా ఎగిరింది. అయ్‌బర్ నేలకి జానెడు ఎత్తులో దాన్ని పట్టుకున్నాడు.

"నువ్వెవరి మనిషివి?" ఎలక్ట్రీషియన్‌కి బేడీలు వేస్తూ, రొప్పుతూ గౌహర్‌ని అడిగాడు అయ్‌బర్.

"ఈ నిమిషానికి మీ మనిషినే. రేపటి సంగతి అడక్కండి."

మేజర్ పారిపోలేదు. తన ఆఫీసులోనే కూర్చున్నాడు.

"ఆరుగురు చచ్చేవాళ్లు సార్," అన్నాడు అయ్‌బర్ లోపలికి వస్తూ.

"తెలుసు."

"మీవాణ్ణొక్కణ్ణే తప్పించారు. మిగతావాళ్లకి తాతల్లేరా?"

మేజర్ సొరుగులోంచి ఒక ఫోటో తీశాడు. "మా అబ్బాయి. బ్యారక్‌లో సీనియర్లు కొట్టి చంపారు. గుండెపోటని రాశారు. పదకొండు అర్జీలు పెట్టా. వాళ్ల కెప్టెన్ సత్తార్‌ని ఒక్క మాట కూడా అడగలేదు. ఆ రోజు మీరందరూ ఎవరి పిల్లాడో అనుకునే కదయ్యా ఊరుకున్నారు? నేనూ అదే నేర్చుకున్నా."

ఆరుగురి ప్రాణాలతో ఆడుకున్న మనిషి అతను. అయినా అతని చేతులకి బేడీలు వేస్తుంటే అయ్‌బర్‌కి సిగ్గేసింది.

నెల తిరక్కుండా అయ్‌బర్‌కి పతకం వచ్చింది. దాంతోపాటు మేజర్ ఖాళీ చేసిన కుర్చీ కూడా వచ్చింది. మొదటి రోజు మొదటి ఫైలు ఒక ప్రమోషను. పేరు, కెప్టెన్ సత్తార్. అర్హత, బ్యారక్‌లో క్రమశిక్షణ కాపాడటం. సిఫార్సు, కర్నల్ ఒరాజ్.

అయ్‌బర్ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, కింద "విచారణ జరగాలి" అని రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాడు.

ఎందుకైనా మంచిదని, దాక్కోవడానికి ఒక తెల్లకోటైనా దొరుకుతుందేమోనని సొరుగులన్నీ వెతికాడు. ఈ ఆపరేషన్‌కి మాత్రం ఎవరూ మారువేషం ఇవ్వలేదు.